చిన్నపిల్లలతోని వ్యాసం రాయించుడు ఎట్ల? అమ్మానాయినలు, కొత్త టీచర్లు ఎక్కువసార్లు అడిగే ప్రశ్నలు

నల్గొండ జిల్లా దేవరకొండ దిక్కు ఊళ్లల్ల, తండాలల్ల ప్రైమరీ పిల్లలకు 16 ఏండ్ల సంది చెప్తున్న. పేరెంట్స్ మీటింగ్ అయినా, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్ అయినా, వాట్సాప్‌ల అయినా వ్యాసం గురించి అవే ప్రశ్నలు మళ్ల మళ్ల వస్తున్నయి, ఒక్కొక్కరికి విడివిడిగ వాయిస్ మెసేజ్ పెట్టే బదులు అన్నీ ఒక్కకాడ రాసిపెడ్తున్న. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలను మనసుల పెట్టుకొని రాసింది ఇది, హైస్కూల్ పిల్లలకు కొన్ని పనికొస్తయి, కొన్ని రావు.

ఏ తరగతి నుంచి వ్యాసం రాయించొచ్చు?

ఒకటి, రెండు తరగతులల్ల వ్యాసం అనే మాటే వద్దు. బొమ్మ చూపెట్టి "ఇండ్ల ఏమేం కనవడ్తున్నయి" అని మాట్లాడిస్తే చాలు, రెండో తరగతి అయిపోయేటాళ్లకు రెండు మూడు వాక్యాలు సొంతంగ రాస్తే మస్తు. మూడోతరగతిల ఐదారు వాక్యాలు, నాలుగుల ఒక పెద్ద పేరా, ఐదుల మూడు పేరాలు, అంటే పన్నెండు పదిహేను వాక్యాలు. అంతకు మించి అడగొద్దు. తెలుగు వాచకంల పాఠం వెనక 'స్వీయరచన' అని ఉంటది, చానమంది దాన్ని ప్రశ్న జవాబు లెక్క బోర్డు మీద రాసిచ్చి దాటిపోతరు, వ్యాసానికి పునాది పడేది అక్కడనే.

మా పిల్లగాడు మాట్లాడితే ఆగడు, రాయమంటే మాత్రం ఒక్క లైన్ రాయడు. ఎందుకు?

ఎందుకంటే మాట్లాడనియ్యకుండనే రాయమంటున్నం. రాసుడంటే ఒక్క పని కాదు గదా, ఏం చెప్పాల్నో ఆలోచించాలె, దాన్ని వాక్యం చెయ్యాలె, ఏ అక్షరమో యాది తెచ్చుకోవాలె, ఒత్తు ఏ అక్షరం కింద పెట్టాల్నో చూసుకోవాలె, అన్నీ లైన్ మీద నిలవెట్టాలె, ఇవన్నీ ఒక్కసారే తొమ్మిదేండ్ల పిల్లగాని మీద పడ్తయి. అందుకే మొదటి రెండు పనులు ముందు నోటితోని అయిపోవాలె, అక్షరాల పని తర్వాత.

ఒక ముచ్చట చెప్త. నాలుగో తరగతిల ఒక పిల్లగాడు ఉండె. 'నాకు ఇష్టమైన జంతువు' గురించి రాయమంటే హెడ్డింగ్ రాసిండు, దాని కింద స్కేలుతోని గీత గీసిండు, ఆ గీతకు రంగేసుకుంట అర్ధగంట కూసున్నడు. నేను పోయి పక్కన కూసోని "మీ ఇంట్ల ఏమున్నయిరా" అని అడిగిన. "బర్రె ఉంది మేడం, మొన్న ఈనింది" అన్నడు. ఎప్పుడు అంటే రాత్రి అన్నడు. ఇంట్ల ఎవరెవరు ఉన్నరు అంటే ఇగ మొదలైంది, నాయిన హైదరాబాద్ పనికి పోయిండంట, వాడు, నాయినమ్మ ఇద్దరే ఉన్నరంట, నాయినమ్మ ఫోన్ లైట్ పట్టుమన్నదంట, వాని చెయ్యి వణికిందంట, దుడ్డె కిందవడంగనే బర్రె దాన్ని నాకిందంట. నేను ఏం మాట్లాడలే, "అటెన్క?" అని మాత్రం అడుగుకుంట పోయిన. అయిపోయినంక "ఇప్పుడు నాకు చెప్పిందే నోట్‌బుక్‌కు చెప్పు" అన్న. ఇరవై నిమిషాలల్ల ఇది రాసిండు, ఉన్నదున్నట్టు పెడ్తున్న:

"మా బర్రె రాత్రి ఈనింది. మా నాయిన ఊల్లె లేడు. నాయినమ్మ ఫోను లైటు పట్టుమన్నది. నా చెయి వనికింది. దుడె కింద పడింది. బర్రె దాన్ని నాకింది. పొదున జున్ను తిన్నం."

ఏడు వాక్యాలు. 'ఊళ్లె', 'చెయ్యి', 'వణికింది', 'దుడ్డె', 'పొద్దున' ఐదు మాటలల్ల తప్పులున్నయి. ఆ దినం నేను ఒక్కటి గూడ దిద్దలే. ఎందుకంటే అండ్ల రాత్రి ఉంది, భయం ఉంది, పొద్దుగాల జున్నుతోని ముగించాలె అని వానికి ఎవరూ చెప్పలే, వానికే తెలిసింది. క్లాసుల చదివి వినిపిస్తే మిగతా పిల్లలందరు "మా మేక గూడ మేడం, మా మేక గూడ" అని లేసిన్రు. దిద్దుడు రెండు రోజులైనంక చేసినం.

మీ ఇంట్ల గూడ ఇదే చెయ్యుండ్రి. ముందు పది నిమిషాలు అడుగుండ్రి, వాళ్లు చెప్తుంటే మధ్యల ఆపొద్దు, కరెక్ట్ చెయ్యొద్దు. మూడో తరగతి పిల్లలకైతే వాళ్లు చెప్పిన మాటలల్ల కష్టమైనవి ఐదారు పక్కన చీటీ మీద రాసియ్యుండ్రి, అవి చూసుకుంట మిగతాది వాళ్లే రాస్తరు.

బోర్డు మీద మంచి వ్యాసం రాసి ఎక్కించుకోమంటే తప్పేమున్నది? కనీసం తప్పుల్లేకుండ వస్తది గదా?

దస్తూరి బాగుపడ్తది, అంతే. నేను గూడ మొదటి మూడేండ్లు అదే చేసిన. ఒకసారి 22 నోట్‌బుక్కులు ముందల పెట్టుకొని దిద్దుతుంటే అన్నిట్ల ఒకటే, "ఆవు సాధు జంతువు. దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక ఉండును." ఆ ఊళ్లె ఆవులున్న ఇండ్లు రెండో మూడో, మిగతావన్నీ బర్రెలు, మేకలు, గొర్లు. గొర్లు కాసే ఇంటి పిల్ల ఒకతి ఉండె, ఏ గొర్రె దాని పిల్లకు పాలియ్యకుంట తంతదో, వానకు తడిస్తే మంద ఎట్ల ఒక్కకాడ చేరి నిలవడ్తదో అన్నీ తెలుసు ఆమెకు, ఆమె గూడ ఆవుకు నాలుగు కాళ్లు 'ఉండును' అనే రాసింది. ఆమెకు తెలిసినదాన్ని నేనే బయట నిలవెట్టిన అనిపించింది, ఆ దినం నుంచి బోర్డు మీద వ్యాసం ఎక్కిచ్చుడు బంద్ చేసిన.

బోర్డు అసలే వాడొద్దని కాదు. కలిసి రాసుడు చేయొచ్చు: పిల్లలు తలా ఒక వాక్యం చెప్తరు, టీచర్ బోర్డు మీద రాస్తది, ఏది ముందల ఉండాలె ఏది వెనక ఉండాలె అని అందరు కొట్లాడుకొని మార్పిస్తరు, అది అయిపోయినంక మొత్తం చెరిపెయ్యాలె. చెరిపినంకనే వాళ్ల సొంతది మొదలువెట్టాలె. చెరపకుంటే మళ్ల ఎక్కించుకునుడే అయితది.

ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అంటే పిల్లలకు తలకెక్కుతలేదు. వేరే తీరుగ ఎట్ల చెప్పాలె?

ఆ మూడు మాటలు నేను ఐదో తరగతి చివరికి గాని చెప్పను. బతుకమ్మతోని చెప్త. మా దగ్గర పిల్లలకు బతుకమ్మ పేర్చుడు తెలుసు, చెలకలకు పోయి గునుగు కోసుకొచ్చుడు, కట్టలు కట్టి రంగులద్దుడు అన్నీ వాళ్ల పనే. తాంబాలంల ముందు గుమ్మడాకులు పరుస్తరు. అవి బయటికి పెద్దగ కనవడవు గాని అవి లేకుంటే పూలు నిలవడవు, వ్యాసంల మొదటి రెండు మూడు వాక్యాలు అసొంటివే, నువ్వు దేని గురించి చెప్తున్నవ్, అది నీకెట్ల తెలుసు అని. అటెన్క వరుసలు. తంగేడు వరుసల తంగేడే, గునుగు వరుసల గునుగే. పేరా గూడ గంతే, ఒక పేరాల ఒక్కటే ముచ్చట, తిండి గురించి చెప్తుంటే అండ్ల దోస్తుల ముచ్చట దోపొద్దు, దానికి ఇంకో వరుస ఉంది. చివరికి పైన పసుపు గౌరమ్మ, చిన్నగ, ఒక్కటే. ముగింపు గూడ చిన్నదే, ఒకటి రెండు వాక్యాలు.

ముగింపుల పిల్లలందరు "కావున మనమందరం చెట్లను పెంచాలి", "కావున మనం పెద్దలను గౌరవించాలి" అని రాస్తరు. వాళ్ల తప్పు కాదు, గైడ్లల్ల అట్లనే ఉంటది. నేను దాన్ని కొట్టెయ్యను, "చివరికి ఏమైంది?" అని లేకుంటే "ఇప్పుడు అది ఎట్లుంది?" అని అడుగుత, జవాబు చెప్తరు, అదే ముగింపు.

ఇంకొక పని బాగ పనిచేస్తది, చీటీలు. 'మా ఊరి అంగడి' రాసేటప్పుడు ఒక అమ్మాయి ఎనిమిది చీటీల మీద ఎనిమిది వాక్యాలు రాసింది, కింద బండల మీద పరిచినం. అంగడి ఆదివారం అయితది, మిర్చి బజ్జీలు తిన్నం, అవ్వ టమాటలు బేరం చేసింది, నేను తప్పిపోయిన, బజ్జీ నూనె పేపర్‌కు అంటింది, ఇట్ల. పరిచినంక ఆమెనే చూసి బజ్జీల చీటీలు రెండూ ఒక్కకాడికి జరిపింది, "తప్పిపోయింది చివరికి పెడ్తా మేడం, లేకుంటే మళ్ల బజ్జీలు ఎట్ల తింటా" అన్నది. పేరా అంటే ఏంది, వరుస అంటే ఏంది అని నేను గంటసేపు చెప్పినా అంత రాదు. పాత నోట్‌బుక్కుల వెనక పేజీలు చింపుకుంటే చీటీలకు పైస ఖర్చు లేదు.

ఏ టాపిక్ ఇయ్యాలె? 'కాలుష్యం', 'విజ్ఞానశాస్త్రం ఉపయోగాలు' అసొంటివి ప్రైమరీల ఇయ్యొచ్చా?

పిల్ల కండ్లతోని చూడనిది, చేత ముట్టనిది ప్రైమరీల వద్దు. మన దగ్గర చూసేటియి తక్కువున్నయా? మూడోతరగతికి మా పెరడు, వాన పడ్డ రోజు, పత్తి ఏరే రోజు, నాకు దెబ్బ తగిలినప్పుడు, మా ఇంట్ల ఇయ్యాల వండిన కూర. నాలుగుకు బతుకమ్మ, పీర్ల పండుగ, చెర్వుగట్టు జాతర, పాలమూరు దిక్కు పిల్లలైతే కురుమూర్తి జాతర, మా ఊరి కిరాణం, వడ్ల కల్లం. బత్తాయి తోట ఉన్నోళ్లు తోట గురించి, నారాయణపేటనో గద్వాలనో అయితే ఇంట్ల మగ్గం గురించి.

ఐదో తరగతికి కొంచెం 'ఎందుకు' ఉండే టాపిక్ ఇయ్యాలె. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి ఉంది గదా, ఏడు వందల ఏండ్ల చెట్టు అని చెప్పుకుంటరు, 2018ల దానికి చెదలు పడితే మనుషులకు ఎక్కించినట్టు సెలైన్ బాటిళ్లు కట్టి చుక్క చుక్క మందు ఎక్కిచ్చిన్రు. ఈ ముచ్చట చెప్పి "చెట్టుకు సెలైన్ ఎందుకు పెట్టిన్రు" అని అడిగితే పిల్లలు ఆగకుండ రాస్తరు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల లింగం మీద పొద్దంత ఒక నీడ పడి ఉంటది, ఆ నీడ దేనిది అనుకుంటున్నవో రాయి అంటే కూడా అంతే. నాగార్జునసాగర్ పోయొచ్చిన పిల్లలతోని రాయించేటప్పుడు ఒకటి చూసిన, "సాగర్ డ్యాంకు 26 గేట్లు ఉన్నవి, 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను" అని జనరల్ నాలెడ్జ్ బుక్‌ల నుంచి దించుతరు. అంకెలు తప్పు కాదు, ఉండాలె. కాని ఒక పిల్ల "26 గేట్లు అని సార్ చెప్పిండు, నేను 14 దాక లెక్కవెట్టిన, నీళ్ల తుంపర్లు కండ్లల్ల పడ్డయి" అని రాసింది, ఆ 26 అట్ల కూసోవాలె వ్యాసంల.

మా దిక్కు నేను ప్రతి ఏడాది ఐదో తరగతితోని తప్పక రాయించేది 'మా ఊరి నీళ్లు'. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుండి మనుషుల ఎముకలు వంగుడు, పండ్లు పచ్చవడుడు గురించి మీకు చెప్పేదేమున్నది. పిల్లలను ముందు ఇంటికి పంపి తాతలను, అవ్వలను మూడు ప్రశ్నలు అడిగి రమ్మంట: చిన్నప్పుడు నీళ్లు ఏడికెళ్లి తెచ్చుకునేటోళ్లు, ఆ నీళ్లు తాగితే ఏమైంది, ఇప్పుడు నల్లా నీళ్లు ఎట్లున్నయి. అటెన్క క్లాసుల నేను కలిపేది రెండే సంగతులు, లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి బయటి దేశాలల్ల గూడ 'నల్గొండ టెక్నిక్' అనే పేరున్నది. మన జిల్లా పేరు అట్ల పోయిందని చెప్తే పిల్లలు కాసేపు ఏం మాట్లాడరు. ఒక పిల్లగాడు "మా తాత వంగి నడుస్తడు. నేను ముసలోడైనందుకు అనుకున్న. నీళ్లకంట. తాత పండ్లు గూడ గట్లనే పచ్చగున్నయి" అని రాసిండు. అండ్ల 'నేను అనుకున్న' అనే మాట చూడుండ్రి, ముందొకటి అనుకొని, అడిగి తెలుసుకొని, మార్చుకొని రాసిండు, పెద్దోళ్ల వ్యాసాలల్ల గూడ అది దొరకది.

ఒక్క జాగ్రత్త. వలస, అప్పులు, తాగుడు, ఇంట్ల చావు, ఇసొంటివి టాపిక్‌గ ఇయ్యొద్దు. అమ్మానాయిన బొంబాయికో పుణెకో పోయి ముసలోళ్ల దగ్గర ఉండే పిల్లలు మన క్లాసులల్ల ఉంటరు. వాళ్లంతట వాళ్లు రాస్తే రాయనియ్యాలె, కాని దాన్ని క్లాసు ముందల చదివియ్యొద్దు, వాళ్లను అడగకుండ ఎవరికీ చూపెట్టొద్దు.

పిల్లలు ఇంటి మాటల్నే రాస్తున్నరు: 'పోయిన', 'దూపైంది', 'ఏడికెళ్లి'. దిద్దాల్నా వద్దా?

ఇది అందరికంటె ఎక్కువ టీచర్లే అడుగుతరు. నా మాట ఇది: మొదటిసారి రాసేటప్పుడు ముట్టొద్దు. 'దూపైంది' అని రాసిన పిల్లకు 'దాహం వేసింది' అని ఎర్ర పెన్నుతోని కొట్టేసి రాస్తే ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే, మా ఇంట్ల మాట్లాడేది తప్పు అని. ఆ తెల్లారి నుంచి ఆమె తెలిసిన మాటలు రాసుడు మానేస్తది, రాని మాటలు ఎట్లాగూ రాయలేదు, ఇగ పేజీ ఖాళీ. నేను గోడకు ఒక చార్టు పెట్టిన, ఒక దిక్కు 'ఇంట్ల', ఒక దిక్కు 'పుస్తకంల'. దూప, దాహం. పొద్దుగాల, ఉదయం. నడిమిట్ల, మధ్యలో. పోయిన, వెళ్లాను. పిల్లలే దొరికినకొద్దీ దాని మీద రాస్తరు. ఏది తప్పు, ఏది ఒప్పు అని ఉండదు, ఏది ఎక్కడ అని ఉంటది. పరీక్షల, పోటీలల్ల పుస్తకం మాట రాయాలె, మనుషులు మాట్లాడినట్టు రాసేటప్పుడు ఇంటి మాటే ఉండాలె. నాయినమ్మ "ఫోన్ లైట్ పట్టురా" అన్నదాన్ని "దీపమును పట్టుకొనుము" అని మారిస్తే అది నాయినమ్మ కాదు.

కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం, ఆ దినం క్లాసుల మొత్తం ఇంటి మాటలతోనే రాయిస్త. ఐదో తరగతి పిల్లలకు సురవరం ప్రతాపరెడ్డి ముచ్చట గూడ చెప్త, ఆయన మన పాలమూరు బిడ్డ, తెలంగాణల కవులే లేరు అని ఎవరో అంటే 1934ల 354 మంది కవులను ఒక్క పుస్తకంల అచ్చేసి చూపెట్టిండు. ఆ ముచ్చట విన్నంక పిల్లలు వాళ్ల ఊళ్లె పాటలు కట్టేటోళ్ల పేర్లు చెప్పుడు మొదలువెడ్తరు.

తండా పిల్లలు ఇంట్ల లంబాడీ మాట్లాడ్తరు. తెలుగుల వ్యాసం ఎట్ల రాయించాలె?

వాళ్లకు తెలుగు రెండో భాష అని ముందు మనం ఒప్పుకోవాలె. ఆలోచన లంబాడీల వస్తది, కాబట్టి మాట్లాడిచ్చేది లంబాడీల కానియ్యుండ్రి. నాకు ఆ భాష పూర్తిగ రాదు, తెలుగు మంచిగొచ్చే ఒక పెద్ద పిల్లను పక్కన కూసోవెట్టుకుంట, ఒకరు చెప్తరు, ఇంకొకరు తెలుగుల చెప్తరు, ఇద్దరికీ లాభమే. లంబాడీకి సొంత లిపి లేదు, అందుకని మాట దొరకకపోతే ఆ మాటనే తెలుగు అక్షరాలల్ల రాయమంట. 'యాడి' అని రాసినా అమ్మే, 'బాటి' అని రాసినా రొట్టెనే, వాక్యం ఆగకుండ ముందుకు పోవాలె, మాటలు తర్వాత మార్చుకోవచ్చు.

తీజ్ పండుగ గురించి రాయించి చూడుండ్రి. బుట్టలల్ల మట్టి పోసి గోధుమలు అలికి తొమ్మిది రోజులు నీళ్లు పోసి, మొలకలను చివరి రోజు నీళ్లల్ల కలుపుతరు, అదంత ఆడపిల్లల చేతుల మీద నడుస్తది. రోజుకొక వాక్యం రాస్తే తొమ్మిది వాక్యాలు, వరుస వాళ్లకు తెలిసిందే, మనం 'మొదటి రోజు', 'ఆ తర్వాత', 'చివరికి' అనే మాటలు నేర్పితే చాలు. క్లాసుల ఎప్పుడు మాట్లాడని అమ్మాయి ఆ దినం బుట్ట ఎట్ల అల్లుతరో చేతులతోని చూపెట్టింది నాకు.

ఒత్తులు, దీర్ఘాలు, సున్నాలు మొత్తం తప్పులే. ఎన్ని దిద్దాలె?

ఒక్కసారికి ఒక్క రకం. ఈ వారం ఒత్తులు అనుకుంటే ఒత్తులే, దీర్ఘాలు కనవడ్డా వదిలెయ్యాలె. పేజీ మొత్తం ఎర్రగ చేస్తే పిల్ల దాన్ని చూడది, నోట్‌బుక్ మూసి బ్యాగుల పెడ్తది. నేను పెన్సిల్‌తోని లైన్ చివరికి ఒక చుక్క పెడ్త, ఈ లైన్ల ఒక తప్పుంది అని అర్థం, ఏదో వాళ్లే వెతుక్కోవాలె. చానసార్లు బయటికి గట్టిగ చదివితే దొరుకుతది, 'అమమ' అని రాసినోడు చదివేటప్పుడు ఆగుతడు, అమ్మమ్మ గదా అని.

'సదువు', 'సక్కగ' అని రాసేది నోటి మాట విని రాసినందుకు, దానికి చార్టు ఉండనే ఉంది. శ, ష, స తేడాలు, ణ, న తేడాలు ప్రైమరీల అంత పట్టుకోవద్దు, చదువుడు పెరిగినకొద్దీ సగం వాటంతట అవే పోతయి.

మా స్కూల్ ఇంగ్లీష్ మీడియం అయింది గదా, తెలుగుల వ్యాసం ఇంక ఎందుకు?

2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీష్ మీడియం పెట్టినా పుస్తకాలు రెండు భాషలల్ల ఒక పేజీ ఇది ఒక పేజీ అది అని ఇస్తున్నరు, ఊకెనే కాదు. ఏం చెప్పాలె, ఏది ముందు, ఏది వెనక అనేది తెలుగుల వచ్చిన పిల్లకు ఇంగ్లీష్‌ల మాటలు నేర్చుకుంటే సరిపోతది. తెలుగుల రానోళ్లకు ఇంగ్లీష్‌ల రెండు కష్టాలు ఒక్కసారే. మా దగ్గర తెలుగుల రాసిన వ్యాసం నుంచి నాలుగు వాక్యాలు ఏరి అవే ఇంగ్లీష్‌ల చెప్పిస్త, రాయిస్త.

ఫోన్ల, యూట్యూబ్‌ల చూసి దించుతున్నరు, ఇప్పుడైతే ఫోనే రాసిస్తుంది. ఎట్ల ఆపాలె?

ఫోన్‌కు తెలియని టాపిక్ ఇయ్యుండ్రి. 'మా ఇంటి ముందల ఇయ్యాల పొద్దుగాల ఏం జరిగింది' అని ఇస్తే ఫోన్ ఏం రాస్తది? మొదటి చిత్తు క్లాసులనే అయిపోవాలె, ఇంటికి ఇచ్చేది పెద్దోళ్లను అడుగుడు, చూసి వచ్చుడు అంతే. ఆగస్టు 15 పోటీలకు అమ్మానాయినలు, అక్కలు రాసిచ్చి బట్టీ పట్టిస్తరు, దయచేసి అది చెయ్యొద్దు. ప్రైజ్ వచ్చినా ఆ పిల్లకు లోపల తెలుసు అది ఆమెది కాదని.

నేను ఒక్కదాన్నే టీచర్‌ను, ఐదు తరగతులు. వ్యాసానికి టైం ఏడిది?

మీ కష్టం నాకు తెలుసు, నేను గూడ రెండేండ్లు ఒక్కదాన్నే నడిపిన. రోజు గంట అవసరం లేదు. సోమవారం పదిహేను నిమిషాలు మూడు, నాలుగు, ఐదు కలిపి కూసోవెట్టి మాట్లాడిచ్చుడు. మంగళవారం మాటలు ఏరి చార్టు మీద పెట్టుడు. బుధవారం చిత్తు రాసుడు, ఆ టైంల మీరు ఒకటి, రెండు తరగతుల దగ్గర ఉండొచ్చు. గురువారం ఐదో తరగతి పిల్ల మూడోతరగతి పిల్లకు చదివి వినిపిస్తది, విన్నోళ్లు ఒక్క ప్రశ్న అడగాలె, ఆ జవాబును రాసినోళ్లు వ్యాసంల కలపాలె. శనివారం సాఫు కాపీ. 2022ల తొలిమెట్టు (ప్రైమరీ పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం) వచ్చినప్పటి సంది చదువుడు, రాసుడు మీద ఎట్లాగూ పని నడుస్తుంది, ఇది దానికి అడ్డం కాదు, అండ్లనే కలుస్తది.

అన్ని వారాలు కుదరది. పత్తి టైంల సగం మంది రారు, ఆ వారం వదిలెయ్యుండ్రి.

మార్కులు ఎట్ల వెయ్యాలె?

బడి పరీక్షలు ఎఫ్‌ఏ (ఫార్మేటివ్), ఎస్‌ఏ (సమ్మేటివ్)లకు మీకిచ్చిన పద్ధతి ఉంటది, దాని ప్రకారం వెయ్యుండ్రి. రోజువారీ నోట్‌బుక్‌ల మాత్రం నేను అంకె వెయ్యను. అంకె వేస్తే అంకెనే చూస్తరు, కింద రాసింది చదవరు. ఒక మంచి వాక్యం కింద గీత గీసి "ఇది చదువుతుంటే నాకు కండ్లకు కనవడ్డది" అని, ఒక ప్రశ్న "అప్పుడు మీ అవ్వ ఏమన్నది?" అని, అంతే రాస్త. ఎన్ని లైన్లు రాసిండు అని లెక్కవెట్టి మార్కులేస్తే పిల్లలు అక్షరాలు పెద్దగ చేసి పేజీ నింపుడు నేర్చుకుంటరు.

మేం చదువుకోలే మేడం. ఇంట్ల మేం ఏం చెయ్యగలం?

మస్తు చెయ్యొచ్చు, చదువొచ్చిన ఇండ్లకంటె ఎక్కువనే చెయ్యొచ్చు, ఎందుకంటే మీరు దిద్దరు. బిడ్డ రాసింది చదివి వినిపియ్యమనుండ్రి, వింటుంటే పొయ్యి కాడ పని చేసుకున్నా ఏం కాదు, మధ్యల "అటెన్క?" అని ఒక్క మాట అనుండ్రి. అర్థం కానికాడ "నాకు సమజ్ కాలే, మళ్ల చెప్పు" అనుండ్రి. అది మీ తక్కువతనం కాదు, చదివేటోళ్లకు అర్థం కాకుంటే మార్చి రాయాలె అనేది పిల్లకు అక్కడనే తెలుస్తది.

మీకు తెలిసిన ముచ్చట్లు చెప్పుండ్రి, బాయి తవ్వినప్పటివి, కరువు పడ్డప్పటివి, మీ పెండ్లప్పటివి. ఒక అమ్మ పత్తి ఏరొచ్చి రాత్రి బిడ్డకు చెప్పిందంట, పత్తికాయ కొసలు వేళ్లకు గీసుకుంటయి, ఉప్పు చెయ్యి తగిలితే మండుతది అని. బిడ్డ అదే రాసింది: "మా అమ్మ కూరల ఉప్పు ఏసేటప్పుడు ఎడమ చెయ్యితో ఏస్తది, కుడి చెయ్యి మండుతదని." మీటింగ్‌ల ఆ అమ్మకు చదివి వినిపిస్తే, "ఎడమ చెయ్యి ముచ్చట నేను చెప్పలే మేడం, అది చూసినట్టుంది" అన్నది.

ఏ నోట్‌బుక్ కొనాలె?

మామూలు రూళ్ల లాంగ్ నోట్‌బుక్, వంద పేజీలది చాలు. ఎడమ పేజీల చిత్తు, కొట్టివేతలు, బాణాలు అన్నీ అక్కడ, కుడి పేజీల సాఫు. చిత్తు పేజీ చింపనియ్యొద్దు, రబ్బర్‌తోని తుడువనియ్యొద్దు, తప్పైతే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలె. ఏడాది అయినంక నోట్‌బుక్ పాత పేపర్లల్ల వెయ్యకుండ ఇంట్ల దాచిపెట్టుండ్రి, మూడోతరగతిది ఐదుల ఉన్నప్పుడు తీసి చదువుకుంటరు, అప్పుడు వాళ్ల తప్పులు వాళ్లకే కనవడ్తయి, మనం చెప్పే పని ఉండది.